బొంగురు ఇంజిన్ మీద నాలుగో పేరు

దయ్యాలూ భూతాలూ ఏవీ లేవని జానయ్య తరచూ అంటుండేవాడు. అదీ ఎవరూ అడక్కుండానే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, పై అంతస్తు కిరాయి ఇంట్లో ఉండేవాడు. కింద టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి ఆ మాట అనేవాడు. అడక్కుండా చెబుతున్నాడంటే లోపల ఏదో గుబులుందని టీ పోసేవాడికి కూడా తెలుసు. పాపం, ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఆయన పుట్టింది నల్లగొండ జిల్లాలో. కడుపున పిల్లలు నిలవక వాళ్లమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుందట. ఆ మొక్కుతో పుట్టినవాడు కాబట్టి జానయ్య. రైల్వేలో ఖలాసీగా చేరి, ఇంజిన్ల కింద దూరి ఒంటికి నూనె పట్టించుకుని, డ్రైవరై, గూడ్సు నడిపి, పాసింజరు నడిపి, చూపు మందగించాక ఆఫీసులో కుర్చీకి చేరాడు. పవర్ కంట్రోలర్ అంటారు ఆ కుర్చీని. పేరు వింటే కరెంటాఫీసేమో అనిపిస్తుంది. కాదు. ఏ బండికి ఏ డీజిల్ ఇంజిన్ తగిలించాలో చెప్పే ఉద్యోగం అది.

మనం రైలెక్కితే ఏం చూస్తాం? పెట్టె చూస్తాం, సీటు చూస్తాం, కిటికీ కోసం కొట్లాడతాం. ముందర మనల్ని లాక్కుపోయేది ఏ ఇంజినో ఏ మహానుభావుడైనా చూశాడా? జానయ్య అదొక్కటే చూసేవాడు. ఇంజిన్లలో కూడా కులాలుంటాయని చెప్పేవాడు. షెడ్డులో మరమ్మతు చేసి, కడిగి, కొత్త పెళ్లికూతుర్ని చేసి వదిలిన ఇంజిన్ ముందుగా ఎక్స్‌ప్రెస్‌కు పోతుంది. దాని పరుగులో కాస్త తేడా వస్తే పాసింజరుకు దించుతారు. ఇంకా నీరసపడితే గూడ్సు. మరీ ముసలిదైతే యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ నెట్టే షంటింగు పని. కొన్ని పుట్టుకతోనే గూడ్సువి, బరువులు లాగుతాయి గానీ పరుగెత్తమంటే ఆయాసపడతాయి. దేన్ని ఎక్కడ పెట్టాలో తేల్చి ఫోనులో ఒక్క మాట చెప్పడం జానయ్య పని. ఆ ఏర్పాటునే వాళ్లు లింకు అంటారు.

ఆ ఇంజిన్లలో ఒకటి వచ్చిపడింది. అది వచ్చినప్పుడు మహారాణిలా ఉండేది. కొత్త రంగు, ఏ వంకా లేని యంత్రం, నల్లగొండ మీదుగా గుంటూరు పోయే ఎక్స్‌ప్రెస్‌కు జానయ్యే పెట్టాడు. తర్వాత ఉద్యమం రాజుకుంది. రాష్ట్రం ఇస్తామన్నారు, వెంటనే ఆగమన్నారు. ఊరూరా పిల్లలు రోడ్ల మీదికొచ్చారు. కొందరు పిల్లలు, అయ్యో, ప్రాణాలు తీసుకోవడానికి పట్టాల మీదికి కూడా వచ్చారు.

మొదటిసారి ఆ ఇంజిన్ కింద ఒకడు పోయినప్పుడు జానయ్యకు ఫోనులో చెప్పారు, “గుర్తుతెలియని యువకుడు” అని. అలాంటివి రైల్వేలో మామూలే. ఇంజిన్ను కడిగారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు, మళ్లీ ఎక్స్‌ప్రెస్‌కు తగిలించారు. కొన్నాళ్లకు రెండోవాడు. అదే ఇంజిన్. అప్పుడూ గుర్తుతెలియని యువకుడే. మూడోవాడు పోయాక దాని హారన్ గొంతు మారింది. గలగలా మోగేది కాస్తా జలుబు చేసిన మనిషిలా కూయడం మొదలుపెట్టింది. షెడ్డువాళ్లు హారన్ మార్చారు. కొత్తది నాలుగు రోజులు బాగానే కూసి, మళ్లీ అదే గొంతుకు దిగింది. డ్రైవర్లు దానికి బొంగురుది అని పేరు పెట్టేశారు.

ఇంకెక్కడి లింకు! బొంగురుది వస్తుందంటే చాలు, ఒకడికి కడుపునొప్పి, ఒకడికి మేనత్త చావు. సైదులు అనే డ్రైవరొకడు ఉండేవాడు, జానయ్య వైపు పల్లెవాడే. మూడోవాడు పోయినప్పుడు ఇంజిన్ నడిపింది అతనే. వచ్చి జానయ్య బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అన్నా, గా ఇంజిన్ తప్ప ఏదన్నా ఇయ్యి. దాని సీట్ల కూసుంటే ముందట పట్టాలు కనిపిస్తలేవు. గా పోరగాడే కనిపిస్తుండు.”

“దయ్యాలు లేవురా సైదులూ,” అన్నాడు జానయ్య.

“దయ్యమని నేనంటినా? పోరగాడన్న.”

జానయ్య ఆ రోజే బొంగురుదాన్ని పాసింజరుకు దించాడు. అక్కడా డ్రైవర్లు గొణిగారు. గూడ్సుకు దించాడు. చివరికి షంటింగులో పడేశాడు. దాని యంత్రంలో ఏ జబ్బూ లేదు, ఒంట్లో దమ్ము దమ్ములాగే ఉంది. ఆయన పై అధికారి త్రినాథరావు కోస్తావైపు మనిషి, మంచివాడే గానీ నాలుక ఊరుకోదు.

“ఏవండీ జానయ్య గారూ, ఎక్స్‌ప్రెస్ ఇంజిన్ని తీసుకెళ్లి యార్డులో తిప్పుతున్నారేంటి? పట్టుచీర కట్టించి పేడ తీయించినట్టుంది!”

“దానికి దమ్ము లేదు సార్,” అని అబద్ధమాడాడు జానయ్య.

యార్డులో కూడా దాని కూత వినలేక, చివరికి ఏ బండికీ తగిలించకుండా ఒక పక్క లైనులో నిలబెట్టించాడు. స్పేర్ అని రాయించాడు. అక్కడైతే ఎవరి పిల్లలూ దాని ముందుకు రారని ఆయన లెక్క.

అదేం ఖర్మో, అప్పటినుంచి ఇంట్లో కూడా ఆ కూత వినిపించడం మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రైలుపట్టాలెక్కడివి! మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే బొంగురు గొంతుతో ఒక కూత. ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

“గది ఎల్బీ నగర్ బస్సు హారనయ్యా,” అనేది భార్య కిష్టమ్మ. “బస్సుకు కూడా బుగులువడితే ఇగ మనం బతికినట్టే! తిను.”

కూతైనా నయం, చెవులు మూసుకోవచ్చు. మనుషుల్ని ఏం చేస్తాడు? వీధిలోకి దిగితే జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు గుంపులు గుంపులు. భుజాన సంచి, చేతిలో పుస్తకాలు, నిద్రలేని కళ్లు. రోడ్డు దాటుతూ ఎవడైనా తల తిప్పి చూశాడా, జానయ్య పక్క సందులోకి తప్పుకునేవాడు. గుర్తుతెలియని యువకుడంటే ఎలా ఉంటాడు? ఇలాగే ఉంటాడు మరి. ముగ్గురి మొహాలూ ఆయన చూసింది లేదు. చూసి ఉంటే ఆ ముగ్గురే వెంటబడేవాళ్లు, చూడలేదు కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లందరూ వెంటబడ్డారు.

ఇక ఆయన ప్రాణమంతా కూతురు సంధ్యారాణి మీద. గ్రూప్స్‌కు చదివే పిల్ల. చేతిరాత ముత్యాలే. ఆ రాతే కొంప ముంచింది. ఉద్యమంలో గోడల మీద నినాదాలు రాయడానికి అందరూ దాన్నే పిలిచేవాళ్లు. కుంచె, తెల్లరంగు డబ్బా సంచిలో పెట్టుకుని తిరిగేది. గోడ రాసినవాళ్లు కింద తమ పేరు పెడతారు కదా, అలా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎన్ని గోడల మీద దాని పేరుందో! చూసి జానయ్య లోలోపల మురిసేవాడు, పైకి కసిరేవాడు.

“మీటింగులకు పో బిడ్డా, ధూంధాం ఆటపాటలకు పో, నేనొద్దంటలేను. పట్టాల దిక్కు మాత్రం పోకు. నా మీద ఒట్టు.”

“పోను నాయినా. నువ్వు ఊకె పరేషాన్ గాకు,” అని తండ్రి తల మీద చెయ్యి వేసి ఒట్టేసింది పిల్ల.

సకల జనుల సమ్మె వచ్చింది. స్కూళ్లు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు కూడా డిపోల్లోంచి కదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో గాలి వీస్తే కాగితం కదిలిన చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మిట్టమధ్యాహ్నం, జానయ్యకు మళ్లీ బొంగురు కూత వినిపించింది. కిష్టమ్మ వైపు చూశాడు. బస్సు హారన్ అనడానికి ఆ రోజు బస్సు లేదు. ఆమె కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

తర్వాత రైల్ రోకో అన్నారు. ఆ పొద్దున జానయ్య డ్యూటీకి పోయేసరికి కంట్రోల్ ఆఫీసులో ఫోన్లన్నీ ఒకటే గోల. రోకో మొదలవకముందే గుంటూరు నుంచి బయల్దేరిన ఎక్స్‌ప్రెస్ ఒకటి నల్లగొండలో చిక్కుకుపోయింది. పిల్లాపాపలు, ముసలీముతకా, పెట్టెల్లో నీళ్లయిపోయాయి. దాన్ని ఎలాగైనా సికింద్రాబాద్ చేర్చాలని పైవాళ్ల పట్టు. గడబిడ రోజుల్లో రైల్వేకు ఒక పద్ధతుంది. జనమున్న బండిని గుడ్డిగా వదలరు. ఖాళీ ఇంజిన్ ఒకదాన్ని ముందుగా ఆ దారిలో పంపి, పట్టాలు బాగున్నాయా, ఎక్కడైనా ఊడదీశారా చూసిరమ్మంటారు. దాన్ని పైలట్ అంటారు.

“పైలట్‌కు ఇంజిన్ చెప్పండి జానయ్య గారూ, త్వరగా,” అన్నాడు త్రినాథరావు.

జానయ్య ఇంజిన్ల జాబితా ముందుకు లాక్కున్నాడు. మంచి ఇంజిన్లన్నీ వాటి వాటి బండ్లకే తగిలి, ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే. చూశారా విచిత్రం! ఎవరి ముందుకూ పోకూడదని ఏ ఇంజిన్నైతే అన్ని బండ్ల నుంచీ దించి దాచిపెట్టాడో, అందరికంటే ముందు, ఒంటరిగా, జనం కూర్చున్న పట్టాల మీదికి పోవాల్సింది అదే అయింది. దాన్ని స్పేర్ చేసింది ఎవరో కాదు, ఈయనే.

“ఆ గూడ్సు ఇంజిన్ ఊడదీసి పంపుదం సార్,” అన్నాడు.

“స్పేర్ ఒకటి కళ్ల ముందుంటే ఊడదీయడమేంటండీ! దమ్ము లేదంటారా? ఖాళీగా పోయే ఇంజిన్‌కి దమ్మెందుకు? వెళ్లమనండి!”

ఏమని చెప్తాడు? సార్, అది మనుషుల్ని మింగే ఇంజినని చెప్తాడా? దయ్యాలు లేవన్న నోటితోనే? ఫోనెత్తి బొంగురుదాని నంబరు చెప్పాడు. డ్రైవర్‌గా ఎవరున్నారంటే సైదులున్నాడన్నారు. ఇంజిన్ కదిలిపోయింది.

అది బీబీనగర్ దాటి నల్లగొండ లైనెక్కిందో లేదో కిష్టమ్మ ఫోన్ చేసింది. ఏడుపు గొంతు.

“ఏమయ్యా, పిల్ల దోస్తు ఇంటికి పోతున్నని నాకు అబద్ధం చెప్పింది. చిట్యాల పోయిందంట. ఎల్బీ నగర్ల అందరు కలిసి డీసీయం లారీ ఎక్కి పోయిండ్రంట. గాడ పట్టాల మీద కూసున్నరంట!”

జానయ్య ఫోను పెట్టేశాడు. చిట్యాల ఆ లైను మీదే ఉంది. కూతురికి ఫోన్ చేశాడు, స్విచాఫ్. సైదులుకు చేశాడు, ఎత్తలేదు. ఇంజిన్ నడిపేటప్పుడు ఫోనెత్తకూడదన్న నియమం జానయ్యే వాళ్లకు నూరిపోశాడు. రామన్నపేట స్టేషన్‌కు చేశాడు. “బాబూ, ఆ ఇంజిన్ని జర ఆపుర్రి,” అన్నాడు. “ఇప్పుడే దాటిపోయింది సార్,” అన్నారు అవతల.

ఇక చేసేదేముంది! కుర్చీలో కూలబడ్డాడు. చెవుల్లో ఒకటే బొంగురు కూత. కళ్ల ముందు పిల్ల పట్టాల మధ్య కూర్చుని, తల తిప్పి చూస్తోంది. ఇన్నాళ్లూ మొహం లేని నీడలకు ఇప్పుడు మొహం వచ్చింది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కాడు, యాదగిరి నరసింహుడికి మొక్కాడు, చివరికి ఆ ఇంజిన్‌కే మొక్కాడు. “నీకు దండం పెడ్త తల్లీ, నా బిడ్డను ఇడిచిపెట్టు,” అని పైకే అనేశాడు. త్రినాథరావు విని కూడా విననట్టు కాగితాలు తిరగేశాడు.

చిట్యాల నుంచి ఫోనొచ్చేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు.

“ఇంజిన్ ఆగింది సార్. ఎవరికీ ఏం కాలేదు. పోరగాళ్లు పైకెక్కి పాటలు పాడుతుండ్రు.”

ఎందుకాగింది? భయం వల్ల ఆగింది. తర్వాత సైదులే చెప్పాడు. అది బొంగురుదని తెలిసిన క్షణం నుంచీ అతనికి ఆ పోరగాడే కళ్ల ముందున్నాడట. లైనంతా మనిషి నడిచినట్టే నడిపాడట, హారన్ మీద చెయ్యి తీయకుండా. వేరే ఇంజినైతే ఖాళీ లైను కదా అని దౌడు తీయించేవాణ్నని ఒట్టేసి చెప్పాడు. చిట్యాల ముందు మలుపు తిరగ్గానే జనం. అంత దూరాన్నే ఆపేసి, కిందికి దిగి, పిల్లలకు చేతులెత్తి దండం పెట్టాడట.

“గీ ఇంజిన్ కింద ముగ్గురు పోయిండ్రు బిడ్డా. ఇంకొకలు వద్దు. జర్ర పక్కకు కూసోండ్రి.”

ఆ ముగ్గురూ ఎవరని పిల్లలు అడిగారు. సైదులుకు పేర్లు తెలుసు. పేపర్లు వెతికి, స్టేషన్లలో విచారించి, ముగ్గురి పేర్లూ తెలుసుకుని మనసులో మోస్తున్నాడు. శ్రవణ్‌కుమార్, మహిపాల్, ఆనందం. అంతే, పిల్లలు ఇంజిన్ ముక్కు మీద ఆ పేర్లు తెల్లరంగుతో ఇంతింత అక్షరాలు రాశారు. ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు పేపర్లలో కూడా వచ్చింది.

అదే రోజు ఇంజిన్ యార్డుకు తిరిగొచ్చింది. జానయ్య చూడటానికి పోయాడు. ఎండలో నిలబడి ఉంది బొంగురుది. ముందు వైపుకు నడిచి తలెత్తాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎవరి చేతివో చెప్పక్కర్లేదు. శ్రవణ్‌కుమార్. మహిపాల్. ఆనందం. ఆ కింద, నాలుగోది, సంధ్యారాణి.

గోడకు పెట్టినట్టే ఇంజిన్‌కూ పేరు పెట్టింది ఆ పిచ్చిపిల్ల. రాసినవాళ్ల పేరు రాయడం దాని అలవాటు. కానీ ఆ ఇంజిన్ ముక్కు మీద పేరుందంటే అర్థమేమిటో పట్టాల మీద బతికిన తండ్రికి తెలుసు. చచ్చినవాళ్ల వరుసలో బిడ్డ పేరు! జానయ్య గబగబా వెనక్కి తిరిగాడు. యార్డులో ఒకడి దగ్గర నూనె గుడ్డ లాక్కున్నాడు, దాని మీద కిరోసిన్ పోయించుకున్నాడు, ఆ వయసులో మెట్టెక్కి, నాలుగో పేరు మీద పడి రుద్దాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. రుద్ది రుద్ది, ఒక్క అక్షరం మిగలకుండా తుడిచాడు. పై మూడింటినీ ముట్టుకోలేదు. వాటి సంగతి ఆ క్షణాన ఆయనకు తోచనే లేదు, నిజం.

ఇంటికొచ్చేసరికి సంధ్యారాణి అన్నం తింటోంది. ముందురోజే తిట్లు తిని, ఏడ్చి, తల్లి కాళ్లు పట్టుకుని, ఇవాళ కాస్త తేరుకుంది. జానయ్య పక్కన కూర్చుని తల నిమిరాడు.

“ఇంజిన్ మీద నీ పేరు తుడిసిన బిడ్డా. ఇగ రంది లేదు.”

పిల్ల ముద్ద ఆపింది. “నాదొక్కటే తుడిసినవా?”

“ఆ.”

అది తండ్రి చేతుల వైపు చూసింది. గోళ్లలో తెల్లరంగు ఇంకా ఉంది. కోపంగా అనలేదు. మెల్లిగా, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

“మరి గా ముగ్గురి నాయినలకు గట్ల తుడిసే మౌకా దొరకలేదా నాయినా?”

జానయ్య లేచి బయటికి పోయాడు. మెట్ల మీద కూర్చుండిపోయాడు. సందులో కుర్రాళ్లు సంచులతో వస్తూ పోతూ ఉన్నారు. సిగ్గేసింది ఆయనకు. కూతురు బతికిందన్న సంతోషం కూడా సిగ్గుగానే అనిపించింది.

సమ్మె సడలి బండ్లు కదిలిన రోజున షెడ్డు నుంచి ఫోనొచ్చింది. బొంగురుదాన్ని కడిగేసి మళ్లీ పక్కలైనులో పెట్టాలా అని అడిగారు.

“కడగొద్దు,” అన్నాడు జానయ్య. “గుంటూరు ఎక్స్‌ప్రెస్‌కు పెట్టుర్రి.”

త్రినాథరావు కళ్లజోడు మీదుగా చూశాడు. “దమ్ము లేదన్నారు?”

“దానికున్నది సార్. నాకే లేకుండె.”

ఎవరు నడుపుతారన్న ప్రశ్న వచ్చింది. సైదులే ముందుకొచ్చాడు. మూడు పేర్లు ముక్కున పెట్టుకుని ఎక్స్‌ప్రెస్ పట్టపగలు బయల్దేరింది. ఒక్కో స్టేషన్‌లో జనం ముందుకొచ్చి పేర్లు పైకి చదివారట. నల్లగొండలో బండి ఆగినప్పుడు వజ్రమ్మ అనే ఆమె వచ్చిందట. నేతవాళ్ల ఆడమనిషి, శ్రవణ్‌కుమార్ తల్లి. పేపర్లో ఫొటో చూసినప్పటినుంచీ రోజూ స్టేషన్‌కు వచ్చి పోతోందట. పేరు పైన ఉండి చెయ్యి అందక, సైదులు ఆసరా ఇస్తే మెట్టెక్కి, కొడుకు పేరు అక్షరం అక్షరం తడిమిందట. తర్వాత కింద మసకగా తుడిచిన చోటు చూసి, గిదెవరి పేరని అడిగిందట.

సైదులు ఆఫీసుకొచ్చి ఇదంతా చెబుతుంటే జానయ్య మధ్యలోనే అడ్డుపడ్డాడు.

“నువ్వేం చెప్పినవురా?”

“అబద్ధమెట్ల చెప్త అన్నా. బతికున్న పిల్ల పేరమ్మా, తుడిసింది వాళ్ల నాయిన అన్న.”

“తిట్టిందా?”

సైదులు తల అడ్డంగా ఊపాడు.

“లేదన్నా. గా మసక మీద కూడ చెయ్యి పెట్టి, మంచిగ తుడిసిండు, జాడ గూడ లేకుంట తుడిసిండు, గా పిల్ల సల్లగుండాలె అన్నది.”

జానయ్య బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కన ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, త్రినాథరావు లేచి వచ్చి తనే ఎత్తి మాట్లాడాడు.